వర్ణక్రమమునకు వెరచిన హోలరిత్

మన లిపిలో పెద్దబడి, చిన్నబడి యను భేదము లేదు. పలకపై ‘క’ను తాటికాయంత వ్రాసినను, ఆవగింజంత వ్రాసినను అది ‘క’యే. దీర్ఘము చేర్చితిమా, మాటయే మారిపోవును. గది వేరు, గాది వేరు. తమిళలిపియు నిట్టిదే. కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతములలోని మన పిల్లలు ఇంట తెలుగును, వీథిలో తమిళమును మాటలాడుచు, రెండు లిపులను నేర్చియు, ఆంగ్లమున మాత్రమే ఒక్క అక్షరమునకు రెండు రూపములుండుట చూచి విస్తుపోవుదురు.

ఈ పెద్దబడి చిన్నబడుల తగవు పలకతో తీరునది కాదు. కొంతకాలము క్రిందట పదవ తరగతి బాలిక తండ్రి యొకరు విరుదునగరము నుండి రెండు పత్రములు చేతబట్టుకొని మా యొద్దకు వచ్చిరి. ఆయన మిరపకాయల వ్యాపారి. కుమార్తె పేరు ఇంటిలో లక్ష్మి. ఒక పత్రమున తమిళుల పలుకుబడి ననుసరించి లెచ్చుమి యని చదువునట్లు, అన్నియు పెద్దబడి ఆంగ్లాక్షరములతో వ్రాయబడియున్నది. రెండవ దానిలో మనము పలుకునట్లే యున్నది. మొదటి అక్షరము పెద్దది, తక్కినవి చిన్నవి. ఈ రెండును ఒక్కరివి కావని ఒక కార్యాలయమున కంప్యూటరు త్రోసిపుచ్చినదట. అచటికి నాలుగు మారులు తిరిగి విసిగిన ఆ తండ్రి మమ్ము అడిగినది ఒక్కటే: దోషము అక్షరముల పరిమాణమునదా, లేక అక్షరములదేనా?

మేము పొరుగు రాష్ట్రమున తెలుగు బోధనకు శిక్షణ పొంది వచ్చినవారము. యంత్రముల సంగతి మా విద్య కాదు. చెన్నపట్టణమున మెయిన్‌ఫ్రేములను పెద్ద కంప్యూటర్లపై పనిచేయుచున్న మా పూర్వవిద్యార్థి నొకని అడిగితిమి. అతడు జవాబు చెప్పుటకు ముందు, ఎన్నడో గతించిన యొక మనుష్యుని పేరు చెప్పెను. ఆ జీవితమును మేము పిదప చదివి తెలిసికొంటిమి. అది మన పిల్లలును, వారి తల్లిదండ్రులును ఎరుగదగినదిగా మాకు తోచినది.

హెర్మన్ హోలరిత్ 1860వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన అమెరికాలోని బఫెలో నగరమున జన్మించెను. నాలుగేండ్ల కొకమారు వచ్చు పుట్టినరోజది. 1900వ సంవత్సరము లీపు సంవత్సరము కాకపోవుటచే 1896 మొదలు 1904 వరకు ఎనిమిదేండ్లు ఆయనకు పుట్టినరోజే లేకపోయెను. తల్లిదండ్రులు జర్మనీ నుండి వలస వచ్చినవారు. పెద్దల భాష జర్మను. బడిలోని భాష ఆంగ్లము. ఇట్టి యిండ్లు ఎట్లుండునో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. హెర్మన్ బాల్యముననే తండ్రి మరణించెను. తల్లి యొరులను చేయిచాచి యడుగక, టోపీలు తయారుచేసి యమ్మి, సంసారమును నడపెను.

బాలుడు తెలివిగలవాడే. వర్ణక్రమము మాత్రము అతనికి కొరుకుడు పడలేదు. ఆంగ్లమున పలుకునది యొకటి, వ్రాయునది యొకటి కదా! ఉపాధ్యాయుడు ఆ పాఠమునకు సిద్ధపడినంతనే హెర్మన్ తరగతి విడిచి పారిపోవుచుండెను. ఒకనాడు ఉపాధ్యాయుడు తలుపు గడియ వేయగా, మేడమీది కిటికీ నుండి దూకి పోయెనని చెప్పుదురు. ఉపాధ్యాయ వృత్తిలో నుండియు, ఈ యొక్క సందర్భమున మేము కిటికీ పక్షమే వహింపవలసి యున్నది. పిల్లవానిని గదిలో బంధించినంత మాత్రమున అక్షరము వాని తలలో ప్రవేశింపదు. తల్లి అతనిని ఆ బడి మాన్పించి, ఒక మతబోధకునిచే విడిగా చదువు చెప్పించెను. పిమ్మట 1875లో న్యూయార్కు నగరములోని సిటీ కాలేజీలో చేరి, 1879లో కొలంబియా గనుల కళాశాల నుండి ఇంజనీరు పట్టమును పొందెను. అప్పటి కాయనకు పందొమ్మిది యేండ్లు.

ఆ కళాశాలలో ట్రౌబ్రిడ్జి యను ఆచార్యుడు 1880 నాటి జనాభా లెక్కలలో కొంత పనిని చేపట్టియుండెను. ఆయన హోలరిత్‌ను సహాయకునిగా వెంట తీసికొని పోయెను. అమెరికా రాజ్యాంగము ప్రకారము పదేండ్ల కొకమారు జనమును లెక్కింపవలయును. ఆ లెక్కను బట్టియే ఏ రాష్ట్రమునకు ఎందరు ప్రతినిధులో నిర్ణయింతురు. 1880లో ఆ దేశ జనసంఖ్య 5 కోట్లు దాటెను. గుమాస్తాలు కాగితములపై గీతలు గీచి, కూడి, తిరిగి కూడి, ఆ లెక్క ముగించుసరికి ఏడెనిమిది యేండ్లు గడచెను. జనమిట్లే పెరిగినచో ఒక లెక్క ముగియకముందే మరియొక లెక్క తరుముకొని వచ్చునని అందరును భయపడిరి.

ఆ శాఖలో జాన్ షా బిల్లింగ్స్ అను వైద్యుడుండెను. ఒకనాటి భోజన సమయమున, ఈ చాకిరి యంతయు యంత్రముచే చేయింపరాదా యని ఆయన హోలరిత్‌తో ననెను. ఆ మాట హోలరిత్‌ను విడువలేదు. 1882లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున పాఠములు చెప్పెను. ఆ పని నచ్చక మరుసటి యేడు పేటెంట్ల కార్యాలయమున చేరెను. అదియు విడిచి 1884లో తన లెక్కల యంత్రమునకు తానే పేటెంటు కోరెను. నడుమ రైలు బ్రేకులను గూర్చియు పాటుపడి నష్టపోయెను. ఒక్కచోట కుదురుగా నుండువాడు కాడు.

మొదట పొడవైన కాగితపు పట్టీపై రంధ్రములు వేసి చూచెను. కాని ఒక మనుష్యుని వివరము కావలసినపుడు పట్టీ నంతయు విప్పవలసి వచ్చుచుండెను. అపుడాయనకు రైలులో చూచిన సంగతి జ్ఞప్తికి వచ్చెను. ఆ రోజులలో టిక్కెట్టు తనిఖీ చేయువారు ఒకరి టిక్కెట్టుపై మరియొకరు ప్రయాణము చేయకుండుటకై, ప్రయాణికుని జుట్టు రంగు, కన్నుల రంగు, ముక్కు తీరు మొదలగువానిని టిక్కెట్టు అంచున రంధ్రములతో గుర్తువేయుచుండిరి. మనుష్యునకు ఒక కార్డు, గుణమునకు ఒక రంధ్రము! అక్షరముతో పని లేదు. వర్ణక్రమమునకు జడిసి కిటికీ దూకినవాడు, వర్ణములే యవసరము లేని పుస్తకమును కనిపెట్టెను.

యంత్రము పనిచేయు తీరు సులభముగనే తెలియును. కార్డును ఒక పీటపై నుంచి, పైనుండి సూదుల చట్రమును దింపుదురు. కాగితమున్న చోట సూది ఆగిపోవును. రంధ్రమున్న చోట దిగి, క్రిందనున్న పాదరసపు గిన్నెను తాకును. విద్యుత్తు ప్రవహించి, గడియారము వంటి పలకపై ముల్లు ఒక్క అంకె ముందునకు జరుగును. గంట మ్రోగును, ప్రక్కనున్న పెట్టెలో ఒక అర మూత తెరచుకొనును, గుమాస్తా ఆ కార్డును అందు వేసి మరియొక కార్డు తీయును. గంట మ్రోగలేదా, కార్డు సరిగా లేదన్న మాట.

మొదట బాల్టిమోరు నగరమున మరణముల లెక్కకు ఈ యంత్రమును వాడిరి. పిమ్మట 1890 లెక్కకు ఏ పద్ధతి తగునో తేల్చుటకు మూడు పద్ధతులకు పోటీ పెట్టిరి. సెయింట్ లూయీ నగరములోని 10,491 మంది వివరములు ముగ్గురకును ఇచ్చిరి. వివరములను కార్డులకో, కాగితములకో ఎత్తివ్రాయుటకు తక్కిన యిద్దరకు 144.5 గంటలు, 100.5 గంటలు పట్టగా, హోలరిత్‌కు 72.5 గంటలు పట్టెను. ఆ పిమ్మట కూడుటకు వారికి 55.5, 44.5 గంటలు, హోలరిత్ యంత్రమునకు 5.5 గంటలు. ఇక చర్చకు తావేది?

1890లో ఆరు కోట్ల ఇరువది లక్షలకు పైబడిన జనమును ఆ యంత్రములు లెక్కించెను. ఆ యేటి ప్రశ్నలలో ఒకటి, ఆంగ్లము మాటలాడగలరా, లేనిచో ఏ భాష మాటలాడుదురు అనునది. మన దేశమునను జనాభా లెక్కలలో మాతృభాషను అడుగుదురు. 2011 లెక్కలలో తమిళనాట తెలుగును మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షలు. భాష పేరు గడపలో నిలిచిన గణకుని కాగితమున సరిగా పడినపుడే ఆ సంఖ్య యేర్పడును. తల్లిదండ్రులు ఆ ప్రశ్నకు జవాబు చెప్పువేళ తొట్రుపడరాదని మేము ఊరూర చెప్పుచునే యున్నాము.

అదే 1890లో హోలరిత్ లూసియా టాల్కట్‌ను వివాహమాడెను. కొలంబియా నుండి డాక్టరు పట్టమును పొందెను. ఆస్ట్రియా, కెనడా, రష్యా దేశములు ఆయన యంత్రములను వాడెను. 1896లో టాబ్యులేటింగ్ మెషీన్ కంపెనీని స్థాపించెను. ఆయన యంత్రములను అమ్మక అద్దెకిచ్చుచుండెను. అద్దె విషయమున జనాభా శాఖాధికారులతో తగవు పెరిగి, 1910 లెక్కకు వారు తమ యంత్రములను తామే చేయించుకొనిరి. హోలరిత్ కోపిష్ఠి, పట్టుదల మనిషి. తన యంత్రమున నొరులు వ్రేలు పెట్టిన సహింపడు. 1911లో కంపెనీని అమ్మివేయగా, అది మరికొన్ని కంపెనీలతో కలిసిపోయి, 1924లో ఐబీఎం అను పేరు ధరించెను. ఆయన మేరీలాండులో పొలము కొని, పశువులను పెంచుకొనుచు, 1929వ సంవత్సరము నవంబరు 17వ తేదీన వాషింగ్టనులో మరణించెను.

అక్షరముల కథ ఇచట మొదలగును.

1890 నాటి కార్డు లెక్కించుటకే గాని వ్రాయుటకు కాదు. వ్యాపారులకు, రైల్వేలకు లెక్క చాలక, మనుష్యుల పేరులు, ఊరి పేరులు కార్డుపై కావలసి వచ్చెను. 1928లో ఐబీఎం వారు 80 నిలువు వరుసల కార్డును తెచ్చిరి. ఒక్కొక నిలువు వరుసలో 12 చోట్లు. ఒక్క రంధ్రమైన అంకె. రెండు రంధ్రములైన అక్షరము. అన్నిటికంటె పై చోట ఒక రంధ్రము వేసి, దానితో 1 మొదలు 9 వరకు ఒక అంకెను చేర్చిన ‘ఏ’ మొదలు ‘ఐ’ వరకు తొమ్మిది అక్షరములు వచ్చును. దాని క్రింది చోటుతో ‘జె’ మొదలు ‘ఆర్’ వరకు తొమ్మిది. సున్న చోటుతో 2 మొదలు 9 వరకు చేర్చిన ‘ఎస్’ మొదలు ‘జెడ్’ వరకు ఎనిమిది. వెరసి 26. అన్నియు పెద్దబడియే. లెక్కల చిట్టాలకు చిన్నబడి యెందుకని నాటివారు తలచిరి కాబోలు. ఈ యేర్పాటును హోలరిత్ సంకేతమనియే పిలిచిరి. లక్ష్మి యను పేరు మొదటి అక్షరమైన ‘ఎల్’ ఇందు రెండవ చోట ఒక రంధ్రము, 3 వద్ద ఒక రంధ్రము.

1957లో వెలువడిన ఫోర్ట్రాన్ అను కంప్యూటరు భాషలో మాటలను వ్రాయుటకు ఒక వింత పద్ధతి యుండెను. మాటలో ఎన్ని అక్షరములో ముందు ఆ సంఖ్య, పిదప హోలరిత్ పేరు మొదటి అక్షరమైన ‘హెచ్’, ఆపైన ఆ మాట వ్రాయవలయును. సంఖ్య ఒకటి తప్పినను పంక్తి చెడును. వర్ణక్రమము రాని బాలుని పేరే వర్ణములకు కావలి యయ్యెను!

1964 ఏప్రిల్ 7వ తేదీన ఐబీఎం వారు సిస్టమ్ 360 అను మెయిన్‌ఫ్రేము కుటుంబమును ప్రకటించిరి. ఇందు ఒక్కొక అక్షరమునకు 0 మొదలు 255 వరకు ఒక సంఖ్య. పాత కార్డుల క్రమము చెడకుండ, ‘ఏ’ మొదలు ‘ఐ’ ఒక గుంపు, ‘జె’ మొదలు ‘ఆర్’ ఒక గుంపు, తక్కినవి ఒక గుంపుగా సంఖ్యల నిచ్చిరి. ఇప్పుడు చిన్నబడికిని చోటు దొరకెను. పెద్ద ‘ఎల్’కు 211, చిన్న ‘ఎల్’కు 147. భేదము 64. విద్యార్థులు తక్కిన అక్షరములకును లెక్క కట్టి చూడవచ్చును. పెద్ద ‘ఏ’ 193, చిన్నది 129. విశేషమేమనగా, మాటల నడుమ విడుచు ఖాళీకిని ఇచ్చిన సంఖ్య 64యే. అందుచేత చిన్నబడి అక్షరముపై ఖాళీని మోపినచో అది పెద్దబడి యగును. పెద్దబడి యక్షరమున ఆ 64 ముందే ఇమిడియున్నందున, మోపినను అది మారదు. ఒక్క ఆజ్ఞతో మాట యంతయు పెద్దబడికి మారిపోవును.

ఇక సంకేతనామముల సంగతి. కంప్యూటరునకు తెలిసినవి సంఖ్యలే. ఏ వస్తువును ఏ చోట దాచితిమో మనుష్యుడు సంఖ్యలతో జ్ఞప్తి యుంచుకొనలేడు గనుక, ఆ చోటునకు ఒక పేరు పెట్టును. జీతమున్న చోటునకు జీతమని, వడ్డీ యున్న చోటునకు వడ్డీ యని. ఆ పేరులను చదివి, పట్టిక కట్టి, పేరున్న చోటనెల్ల సరియైన సంఖ్యను నింపు గుమాస్తాయే అసెంబ్లరు. తొలినాళ్ల అసెంబ్లరునకు నియమములు కఠినము: పేరు ఎనిమిది అక్షరములకు మించరాదు, నడుమ ఖాళీ యుండరాదు, అన్నియు పెద్దబడిలో నుండవలయును. పేరున చిన్నబడి కనిపించినచో తప్పని చూపును. మద్రాసు ఐ.ఐ.టి.లో 1973లో నెలకొల్పిన ఐబీఎం 370 యంత్రమునకును విద్యార్థులు కార్డుల కట్టలనే యందించుచుండిరి. కార్డులు పోయి తెరలు, మీటల పలకలు వచ్చినను, పేరులు పెద్దబడిని విడువలేదు.

1992లో ఐబీఎం వారు హై లెవెల్ అసెంబ్లరును విడుదల చేసిరి. దీనికి పేరులు 63 అక్షరముల వరకు ఉండవచ్చును. చిన్నబడిలో వ్రాసినను కాదనదు. జీతమను మాటను పెద్దబడిలో నొకచోట, చిన్నబడిలో నొకచోట, కలగలుపుగా వేరొకచోట వ్రాసినను మూడును ఒక్కటే యని గ్రహించును. బిడ్డను మెల్లగా పిలిచినను, కేకవేసి పిలిచినను ఆ బిడ్డయే పలుకును గదా! పాత కాఠిన్యమే కావలయునన్నచో అట్లు నడుచుకొమ్మని యాజ్ఞాపించు వీలును కలదు. ఉద్ధరణ చిహ్నముల నడుమ వ్రాసిన మాటను మాత్రము అసెంబ్లరు తాకదు. అది పేరు కాదు, సరుకు. సరుకును ఉన్నదున్నట్లే దాచును.

చిక్కు గడప దాటినపుడు వచ్చును. ఒక ప్రోగ్రాము వేరొక ప్రోగ్రామును పేరు పెట్టి పిలువవలసినపుడు, అసెంబ్లరు ఆ పేరును పెద్దబడికి మార్చియే బయటికి పంపును. 1970ల ఆరంభమున బెల్ ప్రయోగశాలలో పుట్టిన సి యను భాషకు ఈ ఆచారము లేదు. దానికి పెద్దబడి పేరు వేరు, చిన్నబడి పేరు వేరు. మెల్లగా పిలిచిన నొక బిడ్డ, కేకవేసిన వేరొక బిడ్డ పలుకు ఇల్లది. సి భాషలోని ప్రోగ్రాము చిన్నబడిలో పిలుచుచుండగా, అసెంబ్లరు భాషలోని ప్రోగ్రాము పెద్దబడి పేరుతో కూర్చుండును. రెండింటిని జతపరచు బైండరు, అట్టి పేరు గలవారెవరును లేరని తేల్చివేయును. దీనికి మందుగా అసెంబ్లరున ఎలయాస్ అను ఆజ్ఞ కలదు. ఇంటిలో నే పేరున్నను, బయట ఈ యక్షరములతో, ఈ పెద్దచిన్నలతోనే పిలువబడవలయునని దానితో చెప్పుకొనవచ్చును. మా విద్యార్థి ఉద్యోగమున చేరిన తొలి మాసమున ఇట్టి తప్పును వెదకుటకే రెండు దినములు పట్టెనట. రెండు పేరులును తెరపై చూచుచునే యున్నాడు. అర్థము ఒక్కటే గనుక కంటికి తేడా తోచలేదు.

ఇది విని మేము ఆ మిరపకాయల వ్యాపారిగారికి కబురు పంపితిమి. పేరులను సరిచూచు ప్రోగ్రాములు తరచుగా రెండింటిని పెద్దబడికి మార్చియే పోల్చును. కావున పరిమాణము వలన దోషము లేకుండవచ్చును. పలుకుబడి భేదమును మాత్రము అట్టి ప్రోగ్రాములు మన్నింపకపోవచ్చును. లక్ష్మియే లెచ్చుమి యని కోవిల్‌పట్టిలో పాలమ్మువారికి తెలియును, యంత్రమునకు తెలియదు. ఆయన మా బల్లపై రెండు పత్రములను ప్రక్కప్రక్కన పరచి, వ్రేలితో ఆంగ్లాక్షరములను లెక్కించెను. ఒకదానిలో ఎనిమిది, ఒకదానిలో ఏడు. దిద్దుబాటునకు విన్నపము మేమే వ్రాసి యిచ్చితిమి. ఏ వర్ణక్రమము ఉంచవలయునని అడుగగా, ఆయన కుమార్తె వంక చూచెను. ఆ బాలిక ఏడక్షరముల దానిపై వ్రేలుంచెను.

క్రొత్త పత్రము రెండు మాసములకు వచ్చెను. ఏడక్షరములును సరిగా నున్నవి, అన్నియు పెద్దబడిలోనే.